చేతినిండా పనే, చెయ్యాల్సింది తప్ప

ప్రశ్న: నా వయసు 38. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తాను. ఆరేళ్ల క్రితం ఒక కథ తట్టింది: నీడ పోగొట్టుకున్న కాకిపిల్ల దాన్ని వెతుక్కుంటూ తిరగడం. దాన్ని పిల్లల బొమ్మల పుస్తకంగా చెయ్యాలని నా కోరిక. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. ఆ రెండు గంటలూ నావే. కాగితం పరుచుకుంటాను, పెన్సిల్ చెక్కుకుంటాను. ఏడింటికి చూసుకుంటే అల్మరా ముందు నిలబడి బట్టలు సర్దుతూ ఉంటాను. పోయిన నెల ఒక వారం బ్రష్షులన్నీ కడిగి సైజులవారీగా పెట్టాను. ఇంకో వారం ఫోన్లో ఉన్న నాలుగు వేల ఫోటోలు ఏడాదులవారీగా వేరుచేశాను. ఆఫీసులో ఏ పనైనా నాకిస్తే అయిపోతుందని అందరికీ నమ్మకం. నేను బద్ధకస్తురాలిని కాను. రాత్రి లెక్క చూసుకుంటే రోజుకి పదిహేను పనులు చేసి ఉంటాను. పుస్తకం మాత్రం ఒక్క పేజీ కదల్లేదు. టైం మేనేజ్‌మెంట్ వీడియోలు చూశాను, యాప్‌లు వాడాను. లాభం లేదు. లోపం ఎక్కడుంది?

సమాధానం: మీకు సమయం లేకపోవడం కాదు సమస్య. ఆ మాట మీ ఉత్తరంలోనే ఉంది. వారానికి రెండు గంటలు తలుపేసుకుని కూర్చునే వీలుంది. నాలుగు వేల ఫోటోలు వేరుచేసే ఓపిక ఉంది. ఇన్నాళ్లూ టైం మేనేజ్‌మెంట్ సలహాలు పనిచెయ్యనిది అందుకే. అవి సమయం మిగల్చడం నేర్పుతాయి. మీరు మిగిల్చిన సమయంలోంచే లేచి వెళ్లిపోతున్నారు.

మీరు పనిదొంగ కారు. పని వెనకాల దాక్కుంటున్నారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, మందు కూడా వేరు.

మీరు లేచి వెళ్లే ఆ క్షణాన్ని కాస్త దగ్గరగా చూడండి. కాగితం మీద ముక్కు గీశారు. మనసులో ఉన్న కాకిపిల్ల ముక్కు అది కాదు. కాస్త లావైంది, బాతు ముక్కులా ఉంది. చెరిపి మళ్లీ గీశారు. ఈసారి కన్ను కుదరలేదు. ఛాతీలో ఎక్కడో చిన్న బిగువు. సరిగ్గా అప్పుడే అల్మరా గుర్తొస్తుంది. అది అంతకుముందు గుర్తు రాలేదు, గమనించారా? లేచి తలుపు తీయగానే ఆ బిగువు పోతుంది. అంత త్వరగా ఉపశమనం దొరికితే మనసు ఆ దారిని గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. ఫ్యూషియా సిరోయిస్, తిమొతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలో వాయిదాని ఇలాగే వివరించారు: వాయిదా వేసే మనిషి గడియారాన్ని కాదు, తన మనసు బాగోకపోవడాన్ని సర్దుకుంటున్నాడు. ఇప్పటి ఇబ్బందిని రేపటి తన నెత్తిన పెట్టేస్తున్నాడు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. లేచి టీవీ ముందు కూర్చునే మనిషికి అరగంటలో తప్పు చేశానన్న బాధ మొదలవుతుంది. ఆ బాధే ఒక్కోసారి వెనక్కి లాక్కొస్తుంది. మీకు ఆ బాధ కూడా లేదు. అల్మరా నిజంగానే సర్దారు, బట్టలు వరసగా ఉన్నాయి, ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నారు. ఉపశమనానికి తోడు గర్వం కూడా దొరికింది. ఆరేళ్లు ఇలా సాగడానికి కారణం ఇదేనని మా అభిప్రాయం. ఖాళీగా కూర్చుని ఉంటే మొదటి ఏడాదిలోనే మీ మీద మీకు కోపం వచ్చి ఉండేది.

కాబట్టి చిన్న పనుల్ని తిట్టుకోవడం మానేసి, అవి ఎందుకు గెలుస్తున్నాయో చూద్దాం. అల్మరా పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు: పై అర. ఎప్పుడు అయిపోతుందో తెలుసు: కింది అర. సరిగ్గా చేశారో లేదో ఎవరూ తూచరు. ఆఫీసు పనికైతే ఇంకోటి కూడా ఉంది, అవతల ఎవరో దానికోసం ఎదురుచూస్తుంటారు. మీ పుస్తకానికి వీటిలో ఒక్కటీ లేదు. మొదలు తెలియదు, చివర కనిపించదు, ప్రతి గీతా మీ ప్రతిభ మీద తీర్పులా అనిపిస్తుంది, అది రాకపోతే అడిగేవాళ్లు ఎవరూ లేరు. మేం చెప్పబోయేదంతా ఒకటే: అల్మరాకి ఉన్న ఆ సుళువుల్ని మీ పుస్తకానికి తెచ్చిపెట్టడం.

ముందు ఒక వారం కొలత. కొత్త పద్ధతులేవీ మొదలుపెట్టకండి. కూర్చున్నప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని మూడు గళ్లు గీయండి. లేవాలనిపించినప్పుడల్లా మొదటి గడిలో టైం, రెండో గడిలో ఏ పని కోసం, మూడో గడిలో ఆ పని మంగళవారం దాకా ఆగితే ఏమవుతుంది. మూడో గడి తప్పనిసరి. "అల్మరా, మంగళవారం దాకా ఆగితే: ఏమీ కాదు" అని మీ చేత్తో మీరు రాసుకోవాలి. 2018లో మెంగ్ జూ, యాంగ్ యాంగ్, క్రిస్టఫర్ షీ ప్రచురించిన పరిశోధనలో ఒక విషయం తేలింది: తక్కువ ఫలితం వచ్చే పనైనా సరే, గడువు దగ్గర్లో ఉందనిపిస్తే జనం దాన్నే ఎంచుకుంటారు. ఎప్పుడూ తీరిక లేదనుకునేవాళ్లలో ఈ పోకడ ఇంకా ఎక్కువ. ఏ పని చేస్తే ఎంత దక్కుతుందో కళ్లముందు పెడితే ఇది తగ్గుతుంది. మూడో గడి చేసేది అదే. వారం తర్వాత కాగితం చూసుకుంటే నిజంగా ఆగలేని పనులు ఒకటో రెండో ఉంటాయి. అవి నిజమైన పనులే, వాటిని పక్కన పెట్టమని ఎవరూ అనరు.

ఇక పుస్తకాన్ని ముక్కలు చెయ్యడం. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు కాబట్టి నిదానంగా చెబుతాం.

బొమ్మల పుస్తకాలు సాధారణంగా 32 పేజీలుంటాయి. పెద్ద కాగితానికి రెండువైపులా కలిపి 16 పేజీలు అచ్చువేసి మడిస్తే ఒక ఫారం. రెండు ఫారాలు 32. ఇందులో 1వ పేజీ పుస్తకం పేరుకి, 2, 3 పేజీలు ప్రచురణ వివరాలకీ అంకితానికీ తీసేయండి. 4 నుంచి 31 దాకా ఎదురెదురు పేజీల జతలు, అంటే స్ప్రెడ్‌లు, 14 వస్తాయి. చివరి 32వ పేజీ ఒంటరిగా మిగులుతుంది, చిన్న ముగింపు బొమ్మకి పనికొస్తుంది. అంటే "పుస్తకం రాయాలి" అని ఆరేళ్లుగా మీరు మోస్తున్న బరువు నిజానికి 14 స్ప్రెడ్‌లు, ఒక చిన్న బొమ్మ. 14 అనేది అల్మరా అరల్లా లెక్కపెట్టగలిగిన సంఖ్య.

మొదటి రోజు పని బొమ్మలు వెయ్యడం కాదు. 1 నుంచి 14 దాకా అంకెలు వేసి, ఒక్కో దాని ఎదురుగా ఆ స్ప్రెడ్‌లో ఏం జరుగుతుందో ఒక్క వాక్యం. "1: కాకిపిల్ల నిద్రలేచి కిందికి చూస్తే నీడ లేదు." తట్టని చోట ఖాళీ వదిలేయండి, ఆగిపోవద్దు. ఇరవై ఐదు నిమిషాల్లో 14లో తొమ్మిదో పదో నిండితే చాలు.

తర్వాత థంబ్‌నెయిల్స్, అంటే అగ్గిపెట్టెంత గళ్లలో వేసే చిట్టి బొమ్మలు. ఒక్కో స్ప్రెడ్‌కి మూడు రకాలుగా, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. పెన్సిల్ వద్దు, పెన్ను వాడండి. చెరిపే వీలుంటే మీరు మొదటి ముక్కు దగ్గరే ఆగిపోతారు. గడి ఎంత చిన్నగా ఉండాలంటే అందులో ముక్కు అందంగా రావడం అసలు సాధ్యం కాకూడదు. కాకిపిల్ల ఎటు ఉంది, ఎంత పెద్దగా ఉంది, వెలుగు ఎటునుంచి వస్తోంది, ఇవి మాత్రమే కనబడాలి. నీడ లేకపోవడమే మీ కథ కాబట్టి వెలుగు ఎటునుంచో ప్రతి గడిలో ఒక బాణం గుర్తు వేసుకోండి. మిగతా చెట్లకీ కొమ్మలకీ నీడలుండి దానికొక్కదానికే లేకపోతేనే కదా పిల్లలకి కథ అర్థమయ్యేది.

పని పేరు రాసే తీరు కూడా ముఖ్యమే. "కాకి పుస్తకం" అని రాసుకుంటే అది పని కాదు, బెంగ. "3వ స్ప్రెడ్‌కి మూడు థంబ్‌నెయిల్స్, పెన్నుతో" అని రాసుకుంటే అది పని. అయిపోయాక అయిందా లేదా అని పక్కింటివాళ్లు కూడా చూసి చెప్పగలిగేలా ఉండాలి. ఇరవై ఐదు నిమిషాల్లో కాదనిపిస్తే ఇంకా ముక్కలు చెయ్యండి. పాట నేర్చుకోవాలనుకునేవాళ్లకైతే "సాధన" కాదు, "రెండో చరణం మొదటి లైను ఐదుసార్లు పాడి, ఐదోసారి రికార్డు చెయ్యడం". సొంత వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకి "మార్కెట్ స్టడీ" కాదు, "కొనే అవకాశమున్న ఒక మనిషికి ఫోన్ చేసి ఇప్పుడు ఏం వాడుతున్నారో అడగడం".

ఇంకో కచ్చితమైన నియమం: చివర కాగితం మీద ఏదో మిగిలితేనే లెక్క. బ్రష్షులు కడగడం, కొత్త రంగులు కొనడం, బొమ్మలెలా వెయ్యాలో వీడియోలు చూడడం పుస్తకం పనిలోకి రావు. ఇవి అల్మరా కన్నా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి పుస్తకం పనిలాగే ఉంటాయి. వీడియో చూడక తప్పదనిపిస్తే ముందు ప్రశ్న రాసుకోండి: "ఎగిరే కాకి రెక్క కిందినుంచి ఎలా కనబడుతుంది?" పని అయ్యాక ఆ ఒక్క ప్రశ్నకి పదిహేను నిమిషాలు వెతకండి. ప్రశ్న లేకుండా వీడియో తెరవద్దు.

ఎప్పుడు కూర్చోవాలన్నది తర్వాతి మాట. ఆదివారం రెండు గంటల మీద మీరు పెట్టుకున్న ఆశే మిమ్మల్ని దెబ్బతీస్తోంది. వారానికి ఒక్కసారే కూర్చుంటే ఆ ఒక్కసారి అద్భుతం జరగాలనిపిస్తుంది, ఆ బరువుకే చెయ్యి కదలదు. ఒక్క ఆదివారం పోతే మధ్యలో పద్నాలుగు రోజులు ఖాళీ, వెనక్కి వచ్చేసరికి కాకిపిల్ల కొత్తగా కనిపిస్తుంది. అందుకని మామూలు రోజుల్లో నాలుగుసార్లు ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకోండి. ఆదివారాన్ని మొదటి నెల అసలు ముట్టుకోకండి, హాయిగా పడుకోండి.

ఆ ఇరవై ఐదు నిమిషాలు మిగతా పనుల కన్నా ముందే ఉండాలి. "ముందు ఈ చిన్నాచితకా పనులు తేల్చేసి, ప్రశాంతంగా కూర్చుంటా" అనేది వినడానికి బాగుంటుంది, జరగదు. చిల్లర పనులకి అంతు ఉండదు. పైగా ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు ధ్యాస పూర్తిగా మారదని, కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. పది చిల్లర పనులు తేల్చి వచ్చి కూర్చున్న మనిషి పదిచోట్ల కాస్త కాస్త మిగిలిపోయి ఉంటారు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. టైం చూడ్డానికి మామూలు గడియారం చాలు.

"రోజూ కాసేపు కూర్చుంటా" అనే సంకల్పం వారం కూడా నిలవదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఒకటుంది: "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని రెండు కొసలూ ముడివేసి ముందే రాసుకోవడం. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 అధ్యయనాల ఫలితాలు ఒకచోట చేర్చి చూశారు. ఉత్త సంకల్పం పెట్టుకున్నవాళ్లకన్నా ఇలా ముడివేసుకున్నవాళ్లు అనుకున్నది చెయ్యడం స్పష్టంగా ఎక్కువ. మీకు రెండు వాక్యాలు కావాలి. ఒకటి మొదలుపెట్టడానికి: "పొద్దున మొహం కడుక్కుని టేబుల్ దగ్గర కూర్చోగానే పెన్ను మూత తీసి, నిన్న ఆపిన గడి పక్కన కొత్త గడి గీస్తాను." రెండోది లేచిపోకుండా: "లేవాలనిపించగానే ఆ పనిని పక్క కాగితం మీద రాసి, ఇంకో ఐదు గీతలు గీస్తాను." ఇందులో "మనసు పెట్టి", "శ్రద్ధగా" లాంటి మాటలేవీ లేవని గమనించండి. చెయ్యి ఏం చెయ్యాలో మాత్రమే ఉంది.

రెండో వాక్యం గురించి కాస్త. పక్క కాగితం మీద "కరెంటు బిల్లు" అని రాసి వదిలేస్తే అది మళ్లీ మళ్లీ గుర్తొస్తూనే ఉంటుంది. "కరెంటు బిల్లు, సాయంత్రం ఆరు, ఫోన్లో" అని రాయాలి. మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, మిగిలిపోయిన పనులు బుర్రలో దూరి వేరే పనిని చెడగొట్టడం కనిపించింది. ఆ పనుల్ని ఎలా చెయ్యాలో కచ్చితంగా రాసుకున్నవాళ్లలో ఆ రొద తగ్గింది, పనులు ఇంకా పూర్తికాకపోయినా సరే. మనసుకి కావాల్సింది పని అయిపోవడం కాదు, మర్చిపోరన్న హామీ.

ఇప్పుడు లెక్క. వాయిదాలో పడ్డవాళ్లకి లెక్క చెబితే మొదట భయమేస్తుంది, తర్వాత ధైర్యం వస్తుంది. థంబ్‌నెయిల్స్ 14కి మూడేసి చొప్పున 42. ఐదేసి నిమిషాలంటే 210 నిమిషాలు, ఇరవై ఐదు నిమిషాల విడతలు తొమ్మిది. వారానికి నాలుగైతే రెండు వారాల పైచిలుకు. తర్వాత డమ్మీ, అంటే 32 పేజీల పుస్తకాన్ని ముతక బొమ్మలతో నింపడం. స్ప్రెడ్‌కి ఒక విడత చొప్పున మూడున్నర వారాలు. అసలు రంగుల బొమ్మలు స్ప్రెడ్‌కి ఏడు గంటలనుకుంటే 98 గంటలు. అప్పటికి ఆదివారం రెండు గంటలు కూడా కలుపుకుంటే వారానికి మూడు గంటల నలభై నిమిషాలు, అంటే దాదాపు 27 వారాలు. మూడు దశలూ కలిపితే సుమారు 33 వారాలు. ఏడు గంటలనేది అంచనా మాత్రమే. మొదటి స్ప్రెడ్ వేశాక మీ అసలు సమయం చూసి ఆ అంకె మార్చుకోండి.

ఈ లెక్కనీ నమ్మకండి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు విద్యార్థుల్ని థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 33.9 రోజులన్నారు. పట్టింది 55.5 రోజులు. అంటే అనుకున్నదానికి ఒకటిన్నర రెట్ల పైనే. మీ 33 వారాల్నీ 1.6తో గుణిస్తే 53 వస్తుంది. ఒక ఏడాది. ఆరేళ్లుగా కలగా ఉన్నది, ఎవరి పనీ చెడకుండా, మీ నిద్ర పోకుండా ఒక ఏడాది పని. దాన్ని ముందే ఏడాదిగా ఒప్పుకుంటే నాలుగో నెలలో "ఇంకా కాలేదు, నావల్ల కాదు" అనిపించదు.

అలవాటు ఇరవై ఒక్క రోజుల్లో పడుతుందని ఎక్కడో విని ఉంటారు. దాన్ని పట్టుకుని ఇరవై రెండో రోజున నిరాశపడొద్దు. ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరి తేడా 18 నుంచి 254 దాకా ఉంది. అందులోనే మరో మంచి మాట: ఒక రోజు తప్పితే పెద్దగా నష్టమేమీ కనబడలేదు. కాబట్టి తప్పిన రోజుకి శిక్ష వద్దు. "రేపు యాభై నిమిషాలు కూర్చుని సరిచేస్తా" అనొద్దు, అలా అప్పు పెట్టుకుంటే రేపు కూర్చోవడమే కష్టమవుతుంది. తప్పిన మర్నాడు ఐదు నిమిషాలు, ఒకే ఒక్క గడి. అంతే. "వచ్చే సోమవారం నుంచి", "ఒకటో తారీఖు నుంచి" అని కొత్త ముహూర్తాలు పెట్టుకోవద్దు.

ఎదురుచూసేవాళ్లు కావాలన్నాం కదా. సొంతంగా పెట్టుకున్న గడువులు కొంత పనిచేస్తాయి, బయటివాళ్లు పెట్టినవి ఇంకా బాగా పనిచేస్తాయని డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో చూపించారు. ఒక్క మనిషిని ఎంచుకోండి. బొమ్మలు వేసేవాళ్లు వద్దు, తీర్పు చెప్పకుండా ఉండలేరు. ఇంట్లోవాళ్లు కూడా వద్దు, "పోనీలే, అలసిపోయావు" అని ప్రేమతో వదిలేస్తారు. మాట మీద నిలబడే స్నేహితురాలు మంచిది. ప్రతి శనివారం రాత్రి ఎనిమిదిలోపు ఆ వారం గీసిన గడుల ఫోటో పంపాలి. రాకపోతే ఆమె ఎనిమిదింపావుకి "ఫోటో?" అని ఒక్క మాట అడగాలి. బాగుందని గానీ బాగాలేదని గానీ చెప్పకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. మెచ్చుకోలు కూడా తీర్పే, వచ్చే వారం అంత బాగా రాదేమోనన్న భయం దానివెంటే వస్తుంది.

అదే సమయంలో "నేను పుస్తకం వేస్తున్నాను" అని నలుగురికీ చాటకండి. గోల్విట్జర్ బృందమే 2009లో చేసిన ప్రయోగాల్లో, తాము ఏమి కావాలనుకుంటున్నారో దానికోసం చెయ్యబోయే పనిని ఇతరులు గుర్తించాక, కొందరు దానిమీద పెట్టే శ్రమ తగ్గింది. చెప్పుకోవడంలోనే కొంత అయిపోయినట్టు అనిపిస్తుంది.

మిగతా పనుల సంగతి ఏమిటంటారా? పదిహేనూ ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. ఎంత సమయం ఇస్తే పని అంత మేరా సాగుతుందని సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో రాశారు, ఇంటిపనికి ఇది మరీ నిజం. వారానికి రెండు విడతలు, నలభై ఐదేసి నిమిషాలు, సర్దుళ్లకీ బిల్లులకీ ఫోన్లకీ కేటాయించండి. అలారం మోగితే ఆపేయండి, ఫోటోలు సగమే వేరుచేసి ఉన్నా సరే. మూడు పనులు ఎంచుకుని వాటిని ఇకనుంచి మధ్యరకంగా చేస్తానని మీకు మీరు అనుమతి రాసుకోండి. ఇది మీలాంటివాళ్లకి బొమ్మలు వెయ్యడం కన్నా కష్టం, తెలుసు. ఇంట్లో ఎవరికైనా పని అప్పగిస్తే పూర్తిగా అప్పగించండి, మడతలు సరిగ్గా లేవని వెనకాలే వెళ్లి మళ్లీ మడిస్తే ఆ పని రెండు వారాల్లో మీ దగ్గరికే వచ్చేస్తుంది. ఆఫీసులో కుదరదనడం ఇష్టం లేకపోతే "గురువారం ఇస్తే సరిపోతుందా?" అని అడగండి. సగానికి పైగా సరిపోతుందనే అంటారు.

మీ కాగితం మూడో గడిలో నిజంగానే ఆగలేని పనులు రోజూ నిండిపోతుంటే, అంటే ఇంట్లో జబ్బుమనిషిని చూసుకోవడమో, రెండు ఉద్యోగాలో ఉంటే, అది వాయిదా కాదు, బరువు. అప్పుడు రోజుకి పది నిమిషాలతో సరిపెట్టుకోండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. వారాల తరబడి నిద్ర పట్టక, ఇష్టమైనవేవీ ఇష్టంగా అనిపించకపోతే ఈ సలహాల కన్నా ముందు డాక్టర్ని కలవండి.

ఎక్కడ ఆగుతారో కూడా ఇప్పుడే చెప్పేస్తాం. మూడో వారంలో కొత్త కథ తడుతుంది, ఇంతకంటే బాగుందనిపిస్తుంది. దానికి ఒక పేజీ ఇచ్చి రాసిపెట్టండి, డమ్మీ అయ్యేదాకా తెరవద్దు. ఏడో స్ప్రెడ్ చుట్టుపక్కల, కథ నడుమ, విసుగు వస్తుంది. మొదట్లోని ఉత్సాహం అయిపోయి చివర ఇంకా కనబడని చోటది. అక్కడ వరస వదిలి 14వ స్ప్రెడ్ గీయండి, కాకిపిల్లకి నీడ దొరికే బొమ్మ. చివర కనబడ్డాక నడుమ తేలికవుతుంది. అన్నిటికన్నా పెద్ద గుంట 1వ స్ప్రెడ్‌ని మళ్లీ మళ్లీ వెయ్యడం. ఎనిమిదిసార్లు వేసిన మొదటి పేజీ, ఖాళీగా ఉన్న మిగతా పేజీలు, ఇలాంటి పుస్తకాలు ఎన్నో సొరుగుల్లో ఉన్నాయి. 32వ పేజీ దాకా ముతకగా నిండేవరకూ వెనక్కి వెళ్లి ఏ పేజీనీ బాగుచెయ్యకండి. ముక్కు బాతులా ఉన్నా అలాగే ముందుకు.

ఎనిమిది వారాలు ఇలా నిజాయితీగా చేశాక కూడా ప్రతిసారీ టేబుల్ దగ్గరికి వెళ్లడం నరకంలా ఉంటే, ఆ పుస్తకం అక్కర్లేదేమో అని కూడా ఆలోచించండి. పుస్తకం వెయ్యడం ఇష్టమా, పుస్తకం వేసిన మనిషినని అనిపించుకోవడం ఇష్టమా అన్నది వెయ్యకుండా తేలదు. ఇష్టం లేదని తేలితే వదిలెయ్యడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆరేళ్ల బరువు దిగుతుంది. మీ ఉత్తరంలో కాకిపిల్ల గురించి రాసిన తీరు చూస్తే మాకు అలా అనిపించలేదు.

ఈ రాత్రి పడుకునే ముందు పావుగంట పని. ఏ4 కాగితాలు ఎనిమిది తీసుకోండి. ఒకదానిమీద ఒకటి పెట్టి నడిమికి మడవండి, మడత మీద రెండు స్టేప్లర్ పిన్నులు కొట్టండి. ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు, మొత్తం 32. మూలల్లో 1 నుంచి 32 దాకా అంకెలు వెయ్యండి. అంకెలు వేస్తుంటే పుస్తకం ఎంత పలచనో చేతికే తెలుస్తుంది. 4వ పేజీ దగ్గర తెరిచి టేబుల్ మీద పెట్టి, పైన పెన్ను ఉంచండి. పక్కన 14 అంకెలు వేసిన ఖాళీ కాగితం. బ్రష్షులు డబ్బాలోనే ఉండనివ్వండి, వాటితో ఇంకా రెండు మూడు నెలలు పనిలేదు.

మొదటి శనివారం మీ స్నేహితురాలికి పంపే ఫోటో మాకూ పంపండి. బాగుందో లేదో చెప్పం. అందిందని మాత్రం రాస్తాం.